హక్కు ఎవరి మాట?

"చిచ్చా, మానవ హక్కుల్ల ఎం.ఏ. చేస్తే ఏం కొలువొస్తది?"

నల్లగొండలో డిగ్రీ పూర్తిచేసిన మా పక్కింటి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఫోనులో ఎక్కడో చూసిందట. మానవ హక్కులు, ప్రజాస్వామ్యం చదవడానికి ఒక్కో ప్రాంతానికి ఒక్కో మాస్టర్స్ డిగ్రీ ఉందని. ఆసియా వాళ్లకు థాయ్‌లాండ్‌లోని మహిదోల్ విశ్వవిద్యాలయంలో ఒకటి, ఆగ్నేయ యూరప్ వాళ్లకు బోస్నియాలోని సరయేవోలో ఒకటి. వాళ్లమ్మ మాత్రం "బీఎడ్ చెయ్ బేటీ, కడుపు నిండుతది" అంటోంది.

కొలువు సంగతి నేను చెప్పలేకపోయాను. కానీ 'ప్రాంతీయ' డిగ్రీ అన్న మాట నన్ను పట్టుకుంది. నల్లగొండ, పాలమూరు ప్రాంతం పేరు మీద అట్లాంటి చదువు పెడితే అందులో పాఠాలు ఏముండాలి? ముస్లిం అందులో ఎక్కడుంటాడు? చివర్లో 'మైనారిటీల హక్కులు' అనే ఒక్క అధ్యాయంలోనా?

అసలు హక్కు అన్న మాట ఎవరిది? అరబ్బీ 'హఖ్' ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి హక్కు అయింది. మానవ హక్కులు అన్నప్పుడు మానవ సంస్కృతం, హక్కు మాది. వకీలు, ఫిర్యాదు, దావా, జామీను, ఖైదీ, హాజరు అన్నీ ఆ దారినే వచ్చాయి. తెలుగువాడు న్యాయం అడగడానికి నోరు తెరిస్తే సగం మాటలు మా ఇంటివే. ఉర్దూలో హఖ్ అంటే హక్కు, సత్యం కూడా. మా పెద్దలు 'హుఖూఖుల్ ఇబాద్' అంటారు. నమాజు తప్పితే అల్లా మాఫ్ చేస్తాడేమో గాని, తోటి మనిషి హక్కు కాజేస్తే ఆ మనిషి మాఫ్ చేసేదాకా అల్లా కూడా చెయ్యడని దాని అర్థం. ఆ తోటి మనిషి ముసల్మానే కావాలని ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

సరయేవోలో ఆ డిగ్రీ ఊరికే పెట్టలేదు. ఆ నగరం 1992 నుంచి నాలుగేళ్లు ముట్టడిలో మగ్గింది. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేల మందికి పైగా ముస్లిం మగవాళ్లను, పిల్లలను చంపారు. గాయం ఉన్నచోటే ఆ గాయాన్ని చదవాలని సరయేవో, ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయాలు కలిసి ఆ కోర్సు తెచ్చాయి. ఇంకో సంగతి గమనించాలి. బోస్నియా మీద విచారణ చేసిన హేగ్ ట్రిబ్యునల్ సెర్బు నాయకులను శిక్షించింది. ముస్లింలే ఎక్కువగా ఉన్న బోస్నియా సైన్యాధిపతి రసిం దెలిచ్‌ను కూడా 2008లో శిక్షించింది. తన కిందివాళ్లు బందీలను హింసిస్తుంటే ఆపలేదన్నది నేరం. గాయపడ్డవాళ్లకు కూడా లెక్క చెప్పే బాధ్యత ఉంటుందని దీని అర్థం.

ఇప్పుడు మన పాఠాలు చూద్దాం.

మొదటి పాఠం షేక్ బందగీ. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కామారెడ్డిగూడెం. విసునూరు దేశ్‌ముఖ్ అండతో తన భూమి మీదికి వచ్చినవాళ్ల పైన బందగీ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడి గెలిచాడు. 1940లో దొర మనుషులు ఆయన్ని చంపారు. 'మా భూమి' నాటకానికి ఆ చావే ప్రేరణ. మన విమర్శ బందగీని రెండు రకాలుగా చదివింది. కమ్యూనిస్టులు ఆయన్ని రైతుగా చదివారు, ముస్లిం అన్న సంగతి పక్కన పెట్టారు. మేం, అస్తిత్వవాదులం, ఆయన ముస్లిం అని గుర్తుచేశాం, అక్కడే ఆగాం. ఇద్దరం వదిలేసింది ఒకటుంది. బందగీ చేతిలో ఉన్నది కోర్టు తీర్పు. హక్కు కాగితం మీద ఉండి, దాన్ని కాపాడే రాజ్యం లేకపోతే ఏమవుతుందో ఆయన చావు చెబుతుంది. మానవ హక్కుల ఎం.ఏ.లో మొదటి రోజు చెప్పాల్సిన పాఠం ఇదే.

రెండో పాఠం 1948. దీన్ని రెండు కళ్లతో చదవాలి. ఆగస్టులో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు హైదరాబాదులో చంపారు. రాసిన చేతినే నరికారు. వాళ్ల జులుంకు ఎదురు రాసినవాడు ముసల్మాను, రాసింది ఉర్దూలో. సెప్టెంబరులో పోలీసు చర్య. ఆ తర్వాత ఏం జరిగిందో చూడడానికి నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను పంపింది. రాజ్యం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్లు అంచనా కట్టారు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో కలిపి కనీసం ఐదు వేల మంది అని రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు అచ్చువెయ్యలేదు. ఒకాయన రజాకార్ల సంగతే చెబుతాడు, సుందర్‌లాల్ పేరెత్తడు. ఇంకొకాయన సుందర్‌లాల్‌నే చెబుతాడు, షోయబుల్లాఖాన్‌ను మరిచిపోతాడు. రెండూ ఒకే పుస్తకంలో లేకపోతే అది చరిత్ర కాదు, పంచాయితీలో ఒక పార్టీ వాదన.

ఆ నెత్తురు తడి ఆరకముందే 1952లో, ఇదే నల్లగొండ జిల్లాలో, హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో జనం మఖ్దూం మొహియుద్దీన్ అనే ఉర్దూ షాయర్‌ను శాసనసభకు పంపారు. ప్రజాస్వామ్యం అన్న పేపరుకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో స్కైబాబ తెచ్చిన 'జల్‌జలా' మాకు నోరిచ్చాయి. పుట్టుకతోనే అనుమానితులం ఎట్లా అయ్యామో తెలుగువాళ్లకు మొదటిసారి గట్టిగా వినిపించాయి. ఆ మేలు మరిచేది కాదు. కానీ గాయం చెప్పుకోవడం దగ్గరే మా సాహిత్యం చాలాకాలం నిలబడిపోయింది. నా గాయం నా అస్తిత్వం. పక్కవాడి గాయం కూడా నా సంగతి అనుకున్నప్పుడే అది హక్కుల మాట అవుతుంది. 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో హత్యకు గురైన ఆజం అలీకి ఇది తెలుసు. పౌరహక్కుల సంఘం జిల్లా నాయకుడాయన. పేరు ముస్లిందే, నిలబడింది మాత్రం అందరి కోసం. మా సంకలనాల్లో ఆయనకు దక్కిన చోటెంత?

ఇక చివరి రెండు పాఠాలు. ఇవి మన కాలానివి, అందుకే కష్టమైనవి.

2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలను ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే కాల్చి చంపారు. చేతులకు బేడీలున్నాయి. తుపాకులు గుంజుకోబోయారని పోలీసులు చెప్పారు. అదే నెల మొదట్లో సూర్యాపేట బస్టాండులో డ్యూటీలో ఉన్న పోలీసులను సాయుధులు చంపారు. ఆ నెత్తురూ నిజమే. అయినా ఖైదీకి శిక్ష వెయ్యాల్సింది కోర్టు అని మేం అన్నాం. సరిగ్గానే అన్నాం.

2019 డిసెంబరు 6. పాత మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి. 'దిశ' కేసులో నలుగురు నిందితుల్ని తెల్లవారుజామున కాల్చి చంపారు. ఆ ఆడబిడ్డ మీద జరిగింది ఘోరం, అందులో రెండో మాట లేదు. నిందితులు పాలమూరు పల్లెల పిల్లలు, లారీల మీద బతికేవాళ్లు. మొదట్లో నలుగురిలో ఒక్క ముస్లిం పేరునే పట్టుకుని ప్రచారం చేశారు. చంపాక మాత్రం మతం తేడా లేకుండా పోలీసుల మీద పూలు చల్లారు. చల్లినవాళ్లకు మా వాళ్లూ వంతపాడారు. నేనూ ఆ రోజు డెస్కులో కూర్చుని 'న్యాయం జరిగింది' అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాను. నాలుగేళ్ల కింద ఆలేరు మీద రాసిన చెయ్యి కూడా ఇదే.

సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పోలీసులు చెప్పిన కథ నమ్మేట్టు లేదని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. ఆ నివేదిక చదివిన రాత్రి నాకు హుఖూఖుల్ ఇబాద్ గుర్తొచ్చింది. మాఫ్ చెయ్యాల్సినవాళ్లు బతికి లేరు. నేనెవర్ని అడగాలె?

లౌకికవాద మిత్రులకు ఒక మాట. ఆలేరప్పుడు మీలో చాలామంది నోరు పెగల్లేదు. చటాన్‌పల్లి అప్పుడు మాది పెగల్లేదు. నచ్చినవాడి కోసం అడిగేదాన్ని సిఫారసు అంటారు. నచ్చనివాడి కోసం కూడా అడగగలిగితేనే అది హక్కు.

ఆ అమ్మాయికి చివరికి ఇట్లా చెప్పాను. "చదువు బేటీ. బ్యాంకాకే పో, సరయేవోకే పో. కానీ దరఖాస్తు పెట్టకముందు ఒకసారి కామారెడ్డిగూడెం పోయి రా. ఆలేరు పో, చటాన్‌పల్లి పో. అక్కడివాళ్లను అడుగు, వాళ్లు చెప్పింది రాసుకో. అక్కడి తరగతిలో నీ ప్రాంతం గురించి చెప్పమంటే మన గాయంతో పాటు మన తప్పు కూడా చెప్పు."

"కొలువు సంగతి చెప్పనే లేదు చిచ్చా" అంది.

నిజమే. చెప్పలేదు. ముప్పై మార్కుల మైనారిటీ అధ్యాయం కోసం కాక, మొత్తం పుస్తకం తనదే అనుకుని చదివే ముస్లిం ఆడపిల్లకు ఈ రెండు జిల్లాల్లో కొలువుందో లేదో చెప్పాల్సింది నేనొక్కణ్నే కాదు.