తప్పు సమయంలో వచ్చిన రికార్డు: ఓటిస్ రష్ గిటారు

షామ్‌బర్గ్‌కు ఆగ్నేయంగా షికాగో నగరపు పశ్చిమ భాగం ఉంది. 1950ల చివరలో బ్లూస్ సంగీతం అక్కడ ఒక కొత్త రూపం దిద్దుకుంది. దక్షిణ భాగంలోని చెస్ సంస్థకు మడ్డీ వాటర్స్ తరం చేసిన రికార్డులలో హార్మోనికా, పియానో, గిటారు కలిసికట్టుగా పలుకుతాయి. పశ్చిమ భాగపు యువకులు ఓటిస్ రష్, మ్యాజిక్ సామ్, బడ్డీ గై మాత్రం గిటారును గాయకుడికి జవాబు చెప్పే రెండో గొంతుగా నిలబెట్టారు. అయితే రాక్ వినే తెలుగు శ్రోతకు ఈ సంగీతం తరచు లండన్ మీదుగా చుట్టు తిరిగి చేరుతుంది. ‘ఐ కాన్ట్ క్విట్ యూ బేబీ’ అనగానే లెడ్ జెపెలిన్ 1969 నాటి తొలి ఆల్బమ్ గుర్తుకొస్తుంది. విల్లీ డిక్సన్ రాసిన ఆ పాటను 1956లో కోబ్రా సంస్థకు మొదట పాడినది రష్. ఎరిక్ క్లాప్టన్ వాయించగా జాన్ మేయల్ బృందం 1966లో రికార్డు చేసిన ‘ఆల్ యువర్ లవ్’ కూడా రష్‌దే.

కనుక రష్ గిటారిస్టులకు తెలియనివాడు కాడు. స్టీవీ రే వాన్ తన బృందానికి ‘డబుల్ ట్రబుల్’ అన్న పేరును రష్ పాట నుంచే తీసుకున్నాడు. తోటి కళాకారుల గౌరవం దొరికినా శ్రోతల సంఖ్య పెరగకపోవడానికి విమర్శకులు సాధారణంగా చెప్పే కారణం దురదృష్టం. అందుకు ఆధారాలూ ఉన్నాయి. కోబ్రా దివాలా తీసింది. ఆ తరువాత చెస్, డ్యూక్ సంస్థలు ఆయనవి కొన్ని పాటలే విడుదల చేశాయి. 1971లో నిక్ గ్రావెనైటిస్‌తో కలిసి శాన్ ఫ్రాన్సిస్కోలో క్యాపిటల్ సంస్థకు చేసిన ‘రైట్ ప్లేస్, రాంగ్ టైమ్’ ఆల్బమ్‌ను ఆ సంస్థ విడుదల చెయ్యలేదు. చివరికి మాస్టర్ టేపును రష్ స్వయంగా కొనుక్కున్నాక, 1976లో బుల్‌ఫ్రాగ్ అనే చిన్న సంస్థ ద్వారా అది అమెరికాలో బయటికొచ్చింది.

ఈ కథ నిజమే కాని, ఇది సంగీతాన్ని కప్పేస్తుంది. ఆల్బమ్ పేరు కూడా ఆ కథకే సాక్ష్యం పలుకుతున్నట్టుండటంతో, వినకముందే జాలిపడటం అలవాటైంది. జాలి పక్కన పెట్టి వింటే ముందుగా తెలిసేది రష్ వాద్యంలోని నిగ్రహం.

రష్ ఎడమచేతి వాటంవాడు. కుడిచేతివారికి బిగించిన తీగల వరుసను మార్చకుండా గిటారును తిప్పి పట్టుకునేవాడు. అందువల్ల సన్నని తీగలు పైకి వస్తాయి. ఇతరులు పైకి నెట్టి వంచే తీగను ఆయన కిందికి లాగుతాడు. ఆ లాగుడులో చేతి బరువంతా స్వరానికి అందుతుంది. మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాన్ని పలికించే వీణ గమకం ఎరిగిన చెవికి ఈ పద్ధతి పరాయిది కాదు. బ్లూస్ గాంధారం సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఊగుతుంది. రష్ ఆ నడిమి చోటికి నెమ్మదిగా చేరి, అక్కడ స్వరాన్ని కంపింపజేసి వదులుతాడు.

పోలిక ఇక్కడితో ఆపాలి. కర్ణాటక సంగీతంలో శ్రుతి మారదు. రాగమంతా ఒకే షడ్జం మీద నిలుస్తుంది. పన్నెండు గతుల బ్లూస్‌లో గాయకుడి షడ్జం మారకపోయినా, కింద మ్రోగే స్వరసముదాయం మారుతూ ఉంటుంది. మొదటి సముదాయంలో అంతర గాంధారం ఉంటుంది గనక దానిపై సాధారణ గాంధారం ఒరుసుకుంటుంది. మధ్యమం మీది సముదాయంలోకి రాగానే అదే గాంధారం అందులో భాగమై ఇమిడిపోతుంది. రష్ స్వరాన్ని ఎక్కడ లాగాడన్నదే కాక, కింద ఏది మ్రోగుతుండగా లాగాడన్నది కూడా వినాలి. గమకాన్ని మాత్రమే పట్టుకునే చెవి ఇందులో సగమే వింటుంది.

ఈ ఆల్బమ్‌లో గాత్రం లేని ‘ఐ వండర్ వై’ అందుకు మంచి పాఠం. వేగం చూపించే అవకాశం ఉన్నా రష్ వాక్యాల మధ్య ఖాళీ వదులుతాడు. కోబ్రా రోజుల్లో పాడిన ‘త్రీ టైమ్స్ ఎ ఫూల్’ను ఇక్కడ మళ్ళీ పాడాడు. రెండింటినీ పక్కపక్కన వింటే, తొలి గానంలోని ఆవేశం స్థానంలో మలి గానంలో బరువు కనిపిస్తుంది. లోపాలు లేవని కాదు. కొన్నిచోట్ల బాకాల బృందం గిటారుకు జాగా ఇవ్వదు. ‘రెయినీ నైట్ ఇన్ జార్జియా’ బాగా పాడినా, చుట్టూ ఉన్న పాటల బిగువు దానికి లేదు.

రష్‌కు గుర్తింపు రాకపోలేదు. 1984లో బ్లూస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు, 1999లో ‘ఎనీ ప్లేస్ ఐయామ్ గోయింగ్’కు గ్రామీ దక్కాయి. 2018లో ఆయన కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళులూ గొప్పవే. వాటిలోనూ క్లాప్టన్, జెపెలిన్ పేర్లు ఆయన పరిచయంలో భాగమయ్యాయి. ఇతరులు అనుకరించినందువల్ల గొప్పవాడనడం కూడా తక్కువ అంచనాయే. ‘రైట్ ప్లేస్, రాంగ్ టైమ్’కు ఆ సిఫారసు అవసరం లేదు. షామ్‌బర్గ్ నుంచి నగరానికి కారులో వెళ్ళే సమయంలో అది మొదటినుంచి చివరిదాకా వినేయవచ్చు. ముందు దాన్ని విని, ఆ తరువాత లండన్ రికార్డుల దగ్గరికి వెళితే, ఎవరు ఎవరి నుంచి ఏమి తీసుకున్నారో, ఏది తీసుకోలేకపోయారో శ్రోతకే తెలుస్తుంది.