సంచీ ఎవరి చేతిలో ఉంది?

ఏలూరులో ఎమ్మే విద్యార్థులతో ఝుంపా లాహిరి కథ ‘మిసెస్ సేన్స్’ చదువుతున్నాం. మిసెస్ సేన్ చేపల సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని బస్సులో ఇంటికొస్తుంటుంది. ఆ సంచీ చూసి ఒక ముసలావిడ ఇబ్బంది పడి డ్రైవరుతో చెబుతుంది. సంచీలో ఏముందని డ్రైవరు అడుగుతాడు. అక్కడ ఆపి, ఈ సన్నివేశం మీకేం చెబుతోంది అన్నాను. జాతి వివక్ష, రెండు సంస్కృతుల మధ్య ఘర్షణ అంటూ గైడుల్లో ఉండే జవాబులు వరసగా వచ్చాయి. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, “మా అమ్మ బస్సెక్కినా అంతే మేడమ్” అంది.

ఆ అమ్మాయిది కొల్లేటి లంక గ్రామం. తల్లి రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికెళ్తుంది. తెల్లవారుజామున కంపెనీ బస్సొచ్చి ఎక్కించుకుపోతుంది. ఆ బస్సులో అందరి దగ్గరా ఒకటే వాసన కాబట్టి గొడవ లేదు. ఎప్పుడైనా అది తప్పిపోయి మామూలు బస్సులో తిరిగొస్తే, పక్క సీట్లో వాళ్ళు లేచి నిలబడతారట. “దానికి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు మేడమ్” అని కూర్చుంది.

నా డాక్టరేటు డయాస్పోరా కథ మీదే. సిద్ధాంత వ్యాసంలో ఈ ఒక్క కథకే పదిహేను పేజీలు కేటాయించాను. అందులో ‘స్మృతి’ ఉంది, ‘అస్తిత్వం’ ఉంది, ‘స్థానభ్రంశం’ ఉంది. ఆ అమ్మాయి అన్న మాట మాత్రం లేదు. ఎందుకు లేకపోయిందో ఆలోచించుకుంటూ రాస్తున్నదే ఈ వ్యాసం.

‘ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్’ 1999లో వచ్చింది. 2000లో పులిట్జర్ బహుమతి పొందింది. అందులోని ఈ కథలో మిసెస్ సేన్ భర్త లెక్కల ప్రొఫెసరు. ఆమె బడి వదిలాక ఎలియట్ అనే పదకొండేళ్ళ అబ్బాయిని చూసుకుంటూ ఉంటుంది. నేలమీద పేపర్లు పరుచుకుని, కలకత్తా నుంచి తెచ్చుకున్న కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతుంది. ఆ వస్తువుని ఇంగ్లీషు పాఠకులకు వర్ణించడానికి లాహిరికి ఓడ ముందుభాగంతో పోలిక కావాల్సి వచ్చింది. మా క్లాసులో ఎవరికీ ఆ పోలిక అవసరం పడలేదు. ఆమెకు తాజా చేప కావాలి. దుకాణం సముద్రం ఒడ్డున ఉంది. కారు నడపడం రాదు, నేర్చుకోవాలంటే భయం. భర్త తీసుకెళ్తే వెళ్ళాలి. ఒకసారి బస్సెక్కి వెళ్తుంది. ఇంకోసారి ధైర్యం చేసి లైసెన్సు లేకుండానే తనే కారు తీస్తుంది. దారిలో ప్రమాదం జరుగుతుంది.

ఈ కథని విమర్శకులు ఎక్కువగా ఇంటి బెంగ కథగా చదివారు. నేనూ అలాగే చదివాను. తెలుగులో వచ్చే ప్రవాస కథల పట్ల కూడా మన తీరు ఇదే. కథలో గోంగూర కనబడితే చాలు, మాతృభూమి అని రాసేస్తాం. ఇండియన్ స్టోరులో దోసకాయ దొరక్కపోతే అది అస్తిత్వ వేదన అయిపోతుంది. రుచి గురించి ఇంత రాసిన మనం, ఆ ఆడమనిషి దుకాణం దాకా ఎలా వెళ్ళిందని అడగలేదు. ఎవరు తీసుకెళ్ళారు? డబ్బు ఎవరిచ్చారు? భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి హెచ్-4 వీసాతో వెళ్ళిన భార్యలకు 2015 దాకా అక్కడ సంపాదించుకునే హక్కే లేదు. ఆ ఏడాది కొందరికి మాత్రం ఇచ్చారు. గోంగూర కట్ట కొనాలన్నా ఇంకొకరి కారు, ఇంకొకరి కార్డు కావాల్సిన స్థితిని మనం ‘నోస్టాల్జియా’ అని పిలుస్తూ వచ్చాం.

మళ్ళీ కథలోకి వెళ్తే ఒక విషయం కొత్తగా కనిపించింది. కలకత్తాలో చేప ఏ వేళప్పుడైనా దొరుకుతుందని, బజారు నాలుగడుగుల దూరంలోనే ఉంటుందని మిసెస్ సేన్ ఎలియట్‌తో మురిసిపోతూ చెబుతుంది. ఆ నాలుగడుగులూ ఎవరు వేసేవారో మాత్రం చెప్పదు. ఆమె చెప్పే జ్ఞాపకాల్లో తినడం ఉంది, పెళ్ళిళ్ళప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా కత్తిపీటలు తెచ్చుకుని రాత్రంతా నవ్వుకుంటూ కూరలు తరగడం ఉంది. బేరమాడి కొనడం లేదు. ఇంటికి డ్రైవరు ఉండేవాడనీ చెబుతుంది. సంచీ పట్టుకుని బజారుకెళ్ళడం బెంగాలీ మధ్యతరగతి ఇళ్ళలో మగవాళ్ళ పని, వాళ్ళ సరదా కూడా. అలా చూస్తే చేపల దుకాణానికి ఫోను చేయడం, తన పేరు మీద చేప దాచిపెట్టించుకోవడం, తలతో సహా కావాలని చెప్పి తెచ్చుకోవడం, ఇవన్నీ ఆమెకు అమెరికాలోనే మొదలై ఉండాలి. ఆమె వెతుకుతున్నది పోగొట్టుకున్నదాన్నే అని ఎందుకు అనుకోవాలి? ఇంతకు ముందు ఎన్నడూ లేనిదాన్ని కూడా కావచ్చు.

ఇది నాకు పుస్తకంలో తట్టలేదు. పరిశోధన కోసం విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో పది నెలలున్నప్పుడు మా అమ్మ ఫోనులో అడిగిన ప్రశ్న దగ్గర మొదలైంది. నాకు డ్రైవింగు రాదు. బస్సు పట్టుకుని, రెండు భుజాలకూ సంచులు తగిలించుకుని తిరిగేదాన్ని. ఏం తింటున్నావని అడుగుతుందనుకున్నాను. “బజారుకి నిన్నెవరు తీసుకెళ్తారే?” అంది. ఎవరూ లేరు, నేనే వెళ్తున్నానని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “అయితే నీకేం కావాలో నువ్వే ఏరుకుంటున్నావన్నమాట” అంది.

మా ఇల్లు తాడేపల్లిగూడెంలో. అక్కడి ఉల్లిపాయల మార్కెట్ చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ తెలుసు. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలొస్తాయి. ఆ మార్కెట్టుకి మా ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. పెళ్ళయి ఆ ఊరొచ్చిన మా అమ్మ ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా అందులో అడుగు పెట్టలేదు. నాన్న బస్తా వేయించుకొచ్చేవారు. పొద్దున్నే సంచీలో కూరలు తెచ్చి వంటింటి గుమ్మం దగ్గర పెట్టేవారు. ఏం వచ్చిందో చూసి, ఏం వండాలో అమ్మ అనుకునేది. అమ్మకు కాకరకాయ ఇష్టమని నాకు తెలిసింది ఆ ఫోనులోనే. నాన్నకి చేదు పడదు. అందుకని అది మా ఇంటికి రాలేదు.

తెలుగు స్త్రీవాదం వంటింటి గురించి గట్టిగా మాట్లాడింది. విమల ‘వంటిల్లు’ కవిత, 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం లేకపోతే నాలాంటివాళ్ళకి ఈ మాటలు రాసే భాషే ఉండేది కాదు. కానీ వంటిల్లు మనకు నాలుగు గోడలుగా కనబడినంతగా, ఆ గోడల్లోకి సంచీ వచ్చే దారి కనబడలేదేమో. వండే శ్రమ గురించి అడిగాం. ఏం వండాలో నిర్ణయించే అధికారం గుమ్మం అవతలే ఉండిపోయింది.

ఇక్కడ ‘మనం’ అంటున్నప్పుడు ఆ మాటలో ఎవరు లేరో కూడా చూసుకోవాలి. బజారు గడప దాటకపోవడం మా అమ్మ కులానికీ తరగతికీ సంబంధించిన పరువు. తలమీద గంపతో చేపలమ్మే మనిషికి బజారంటే నిషిద్ధ స్థలం కాదు, బతుకుతెరువు. గోగు శ్యామల తెచ్చిన ‘నల్లపొద్దు’ లాంటి సంకలనాలు చదివాక కూడా ‘ఆడవాళ్ళు ఇంట్లో, మగవాళ్ళు బయట’ అని ఒక్క గీత గీసి ఊరుకోవడం కుదరదు. మా అమ్మ లోపల ఉండి ఏరుకోలేకపోయింది. చేపలమ్మే మనిషి బయటే ఉంది, కానీ రోజంతా అమ్మిన మంచి చేప ఆమె ఇంటి కూర కాలేదు.

మాడిసన్‌లో శనివారాల్లో రాష్ట్ర శాసనసభ భవనం చుట్టూ రైతుబజారు లాంటిది పెడతారు. 1972 నుంచీ నడుస్తోంది. ఎవరి పంట వాళ్ళే అమ్మాలని నియమం. అంతా ‘స్థానిక ఆహారం’ అని గొప్పగా చెప్పుకుంటారు. నాకు కాకరకాయలు దొరికింది అక్కడే. అమ్ముతున్నావిడ హ్మోంగ్ స్త్రీ. లావోస్ కొండల్లో ఉండే ఆ జనం అమెరికా తరఫున యుద్ధంలో చిక్కుకుని, 1975లో అది ముగిశాక శరణార్థులై చెదిరిపోయారు. చాలామంది విస్కాన్సిన్‌లో స్థిరపడ్డారు. ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు ఒకదానికొకటి అందలేదు. గుమ్మడి తీగ చివుళ్ళ కట్ట ఒకటి చూపించి, పీచు ఎలా లాగాలో వేళ్ళతో చేసి చూపించింది. ఊరు పోయిన మనిషి పండించినది ఆ ఊరి స్థానిక తిండి అయింది. ‘లోకల్’ అనే మాట మీద నాకున్న భక్తి ఆ రోజుతో కొంత తగ్గింది.

అదే ఊరి సూపర్‌మార్కెట్‌లో ఫ్రీజరు దగ్గర నిలబడితే ఇంకో దృశ్యం. తల తీసి, ఒలిచి, నరం లాగేసిన రొయ్యల ప్యాకెట్టు. వెనక ‘ఇండియా’ అని ఉంటుంది. చేపలు, రొయ్యలు ఏ దేశానివో రాయాలన్న నియమం అక్కడ 2005 నుంచి ఉంది. దేశం పేరుంటే చాలు, ఊరి పేరు అక్కర్లేదు. భారతదేశం ఎగుమతి చేసే రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్ర తీరానిది. వాటిని ఎక్కువగా కొన్న దేశం అమెరికా. నేను ఆ ప్యాకెట్టు కొన్నాను. పది నిమిషాల్లో వంటయిపోయింది. రాసుకోవడానికి సాయంత్రం మిగిలిందని సంతోషించాను కూడా.

ఆ సాయంత్రం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో క్లాసులో ఆ అమ్మాయి చెప్పేదాకా ఆలోచించలేదు. ఒలిచే పని మాయం కాలేదు. నా చేతుల్లోంచి ఆమె తల్లి చేతుల్లోకి మారింది. ఐసులో నానిన రొయ్య ఒలిచి ఒలిచి వేళ్ళ చర్మం లేచిపోతుందని, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే మండుతుందని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు ఆంధ్రలోని రొయ్యల షెడ్లకు వెళ్ళి, అక్కడ ఆడవాళ్ళు పనిచేసే పరిస్థితుల గురించి రాశారు. కొన్నాళ్ళు చర్చ జరిగింది.

చేప సంగతి ఇంకో రకం. కొల్లేటి చుట్టూ 1970ల నుంచి చేపల చెరువులు తవ్వడం మొదలై, చివరకు సరస్సే చెరువుల గట్ల మధ్య మిగిలింది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో గట్లు కొట్టేశారు, తర్వాత కొన్ని మళ్ళీ లేచాయి. ఆ చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి లారీల్లో ఐసు మధ్య హౌరాకి వెళ్తాయి. అంటే మిసెస్ సేన్ ఇవాళ కలకత్తా తిరిగెళ్ళి బజారులో శీలావతి కొంటే, అది ఆకివీడు వైపు నుంచి వచ్చినదే కావచ్చు. ఆమె ‘ఇల్లు’ అనుకునే రుచి మా ఊరి పక్క నుంచి లారీ ఎక్కి వెళ్ళినదైతే, స్వదేశపు రుచి అని మేం రాసిన పేజీలని ఏం చేయాలి? ఇక లంకల్లో వాళ్ళు తమ రుచిగా చెప్పుకునేవి కొర్రమేను, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి. ఒకప్పుడు వల వేస్తే వచ్చిన ఈ చేపల్ని ఇప్పుడు వెతుక్కుని కొనాలి. పరాయి దేశంలో సొంత తిండి దొరకలేదని రాస్తే సాహిత్యం అవుతోంది. సొంత ఊళ్ళో దొరకడం మానేస్తే అది పర్యావరణ నివేదికలో ఒక పేరా అవుతోంది.

మిసెస్ సేన్ బాధ చిన్నదని నేననడం లేదు. కాకరకాయ ఏరుకున్న నా స్వేచ్ఛ అబద్ధమనీ అనను. మా అమ్మ ఆ ఫోనులో పడిన అసూయ నిజం, దాన్ని నేను మర్చిపోలేను. ఆ స్వేచ్ఛ ఖర్చు ఎవరి వేళ్ళ మీద పడిందో కూడా అదే వ్యాసంలో రాయాలి, అంతే.

ఈసారి పరీక్షలో ‘గృహ విరహం’ ప్రశ్న తీసేశాను. మిసెస్ సేన్ చివర గది తలుపేసుకుని ఎందుకేడ్చిందో రాయమన్నాను. చాలామంది దేశం గుర్తొచ్చి అని రాశారు. వెనక బెంచీ అమ్మాయి రెండు పేజీలు రాసింది. చివరి వాక్యం ఇది: “ఇక మళ్ళీ ఎవరో తీసుకెళ్ళేదాకా ఆగాలి కాబట్టి.”