తాకి తెలుసుకునే ‘దర్శిని’: విద్యుద్రసాయన పరిశోధన – తెలుగు శాస్త్రవచనం

1. ఉపోద్ఘాతం

పారిభాషిక పదం వస్తువుకు పేరు పెడుతూనే దాన్ని ఎలా ఊహించుకోవాలో కూడా పాఠకునికి నిర్దేశిస్తుంది. ‘సూక్ష్మదర్శిని’ అలాంటి పదం. ‘దృశ్’ ధాతువు నుండి వచ్చిన ‘దర్శిని’ కంటిచూపును స్ఫురింపజేస్తుంది. పరమాణు బల సూక్ష్మదర్శిని మాత్రం నమూనాను చూడదు, తడుముతుంది. ఎలక్ట్రోడు ఉపరితలంపై జరిగే చర్యల అధ్యయనం ఆధారంగా, ఈ పేరు తెలుగు శాస్త్రవచనంలో కలిగించగల అపోహను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పరికరం – పనితీరు

గెర్డ్ బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టఫ్ గెర్బర్ 1986లో ఈ పరికరాన్ని ప్రకటించారు. ఒక చివర బిగించిన సన్నని పట్టీ, రెండో చివరన అతిసూక్ష్మమైన మొన ఇందులో ప్రధానం. మొన ఉపరితలం మీదుగా వరుసలు వరుసలుగా కదులుతుంది. రెండింటి మధ్య బలం మారినప్పుడు పట్టీ వంగుతుంది. పట్టీ వీపుపై పడి పరావర్తనం చెందే లేజరు కిరణం ఎంత జరిగిందో చూసి ఆ వంపును లెక్కిస్తారు. ఆ కొలతలకు రంగులు కేటాయిస్తే ‘చిత్రం’ తయారవుతుంది. ఆ రంగులు పరిశోధకుల ఎంపికే తప్ప ఉపరితలానివి కావు.

3. రాగి – బంగారం: ఒక నిదర్శనం

మన్నే, హన్స్మా, గెవర్త్ తదితరులు 1991లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో ముఖ్యమైనది. వారు బంగారు ఎలక్ట్రోడును ద్రావణంలోనే ఉంచి, పొటెన్షియల్‌ను నియంత్రిస్తూ దానిపై రాగి పొరను పరిశీలించారు. పెర్‌క్లోరిక్ ఆమ్లంలో రాగి పరమాణువుల మధ్య దూరం సుమారు 0.29 నానోమీటర్లు, సల్ఫేటు ద్రావణంలో 0.49 నానోమీటర్లు అని వారు నివేదించారు. లోహం అదే, ఆధారం అదే. ద్రావణం మారితే అమరిక మారింది. ఎలక్ట్రోడును బయటకు తీస్తే పొటెన్షియల్ నియంత్రణ పోతుంది. అప్పుడు పొర అదే స్థితిలో నిలుస్తుందన్న హామీ లేదు.

ఈ ఫలితాన్ని ‘రాగి పరమాణువులు కనిపించాయి’ అని రాస్తే వాక్యం సాఫీగానే ఉంటుంది. అయితే అది రెండు వేర్వేరు సాక్ష్యాలను ఒకటిగా కలిపేస్తుంది. మొన తెలిపింది ఎత్తుపల్లాల క్రమాన్ని, వాటి మధ్య దూరాన్ని. అవి రాగివేనన్న నిర్ణయానికి ద్రావణంలోని అయాన్లు, పొటెన్షియల్, ప్రవహించిన విద్యుత్తు ఆధారాలు. న్యాయదర్శన పరిభాషలో ఇది ప్రత్యక్షం కాదు, అనుమానం. పొగను బట్టి నిప్పును నిర్ణయించడం వంటిది. అనుమానం తక్కువ ప్రమాణమేమీ కాదు. కానీ దాని హేతువును చెప్పకుండా ప్రత్యక్షంగా చూపితే, ఆ నిర్ణయాన్ని పరీక్షించే దారి పాఠకునికి మూసుకుపోతుంది.

4. స్పర్శ – పర్యవసానం

లిథియం అయాన్ బ్యాటరీ తొలి ఛార్జింగులో విద్యుద్విశ్లేష్యం వియోగం చెంది గ్రాఫైట్ ఎలక్ట్రోడుపై పలుచని పొర ఏర్పడుతుంది. బ్యాటరీ మన్నికకు ఈ పొర కీలకం. దీనిలోని మెత్తని భాగాన్ని మొన ఒత్తిడి గీకివేయగలదు. పరిశోధకులు ఈ గుణాన్నే వినియోగించి, పొరను కొంతమేర గీకి దాని మందాన్ని కొలుస్తారు. కాబట్టి ‘చిత్రం’లో పొర పలుచగా ఉంటే అది చర్య ఫలితమా, మొన ఫలితమా అన్న ప్రశ్న తప్పదు. చూపుకు సంబంధించిన భాషలో ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు.

5. ముగింపు

‘సూక్ష్మదర్శిని’ రూఢి పదం. దాన్ని తొలగించడం సాధ్యమూ కాదు, అవసరమూ లేదు. సరిదిద్దుకోవలసింది క్రియాపదాలను. ‘కనిపించింది’ అనే చోట ‘నమోదైంది’, ‘నిర్ధారించారు’ వంటి మాటలను సందర్భాన్ని బట్టి వాడాలి. చిత్రం కింద ఏ కొలతకు ఏ రంగు ఇచ్చారో, మొన ఎంత బలంతో తాకిందో తెలపాలి. తెలుగులో విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థికి ఫలితంతో పాటు దాని ఆధారం కూడా అందాలంటే ఈ జాగ్రత్త తప్పనిసరి.