పాటల వరసే విమర్శ: సైన్స్ ఫిక్షన్ సినిమా సంగీత సంకలనాలు

5.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- సినిమా సంగీత సంకలనాల్లోని ప్రధాన రకాలను గుర్తించగలుగుతారు.
- ఒకే సంగీతం వేరువేరు ఆల్బమ్‌లలో ఎలా మారుతుందో ఉదాహరణలతో వివరించగలుగుతారు.
- తెలుగు సైన్స్ ఫిక్షన్ చిత్రాల ఆల్బమ్‌లలో ఏది నిలిచిందో, ఏది జారిపోయిందో చర్చించగలుగుతారు.
- సొంతంగా ఒక చిన్న సంకలనం చేసి, దాన్ని సమర్థిస్తూ రాయగలుగుతారు.

5.1 పరిచయం

అనకాపల్లి జిల్లా మాడుగుల పేరు చెప్పగానే ఎవరికైనా హల్వా గుర్తొస్తుంది. గోధుమపాలు, నెయ్యి, పంచదార అన్ని దుకాణాల్లోనూ వాడేవే. అయినా ఒక దుకాణం హల్వాకూ పక్క దుకాణం హల్వాకూ ఉన్న తేడాను ఆ ఊరివాళ్ళు నోట్లో వేసుకోగానే చెప్పేస్తారు. పాకం ఎంతసేపు తిప్పారు, నెయ్యి ఎక్కడ ఆపారు అన్నది వాళ్ళ నాలుకకు తెలుసు. పోల్చి చూడటం అంటే ఇదే. ఈ పాఠంలో అదే పనిని చెవితో చేస్తాం.

సంగీత సంకలనాన్ని మనం సాధారణంగా విమర్శకు తగిన వస్తువుగా చూడం. ఎవరో నాలుగు సినిమాల నుంచి పది ముక్కలు ఏరి ఒకచోట పెట్టారు, అంతే కదా అనుకుంటాం. కాని ఏరడమంటే కొన్నింటిని వదిలేయడం కూడా. ఏది మొదట, ఏది చివర అన్నది ఒక తీర్పు. సంకలనం చేసినవారు ఒక్క వాక్యం రాయకుండానే "ఈ సినిమాల్లో విలువైనది ఇది" అని మనకు చెబుతున్నారు. ఆ మాట సరైనదా కాదా అని అడగడమే విమర్శకుడి పని.

సైన్స్ ఫిక్షన్ చిత్రాలను ఇక్కడ ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎవరూ చూడని కాలాన్ని, ఎవరూ వెళ్ళని చోటును ఈ సినిమాలు చూపాలి. తెర మీది బొమ్మ ఎంత చూపినా, నమ్మకం కలిగించే పనిలో సగం సంగీతానిదే. ఆ సంగీతాన్ని సినిమా నుంచి విడదీసి ఆల్బమ్‌లో పెట్టినప్పుడు ఏం మిగులుతుంది? ఈ పాఠం మొత్తానికి ఇదే ప్రశ్న.

5.2 సంకలనాల రకాలు

మీ చేతికి వచ్చే ఆల్బమ్‌లను నాలుగు రకాలుగా చూడవచ్చు.

(అ) మూల ఆల్బమ్: సినిమా కోసం తయారైన సంగీతాన్ని ఆ సినిమా పేరుతో విడుదల చేసినది.
(ఆ) పునర్వాదనం: మరో వాద్యబృందం అదే స్వరరచనను మళ్ళీ వాయించి రికార్డు చేసినది.
(ఇ) రూపాంతరం: బాణీని మాత్రం తీసుకొని నృత్యసంగీతంగానో, గిటార్ సంగీతంగానో మార్చినది.
(ఈ) ఏరికూర్పు: వేరువేరు సినిమాల ముక్కలను ఒకచోట చేర్చినది. ఇందులో పై మూడు రకాలూ కలిసి ఉండవచ్చు.

అట్ట మీద సినిమా పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. వాయించినవారి పేరు చిన్న అక్షరాలతో ఉంటుంది. మీరు ముందు చదవవలసినది ఆ చిన్న అక్షరాలనే.

5.3 ఒకే సంగీతం, వేరువేరు రికార్డులు

ఉదాహరణ 1: 'స్టార్ వార్స్' (1977). జాన్ విలియమ్స్ స్వరపరచగా లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన మూల ఆల్బమ్ రెండు ఎల్పీలుగా వచ్చింది. దాని వెనకే మరికొన్ని వచ్చాయి. బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌తో ఈ సంగీతాన్నీ 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్' సంగీతాన్నీ సంగీత సభలో వాయించే కృతుల్లా రికార్డు చేశారు. మీకో అనే సంగీతకారుడు ఇదే బాణీకి డిస్కో తాళం వేశాడు. మధ్యమధ్య రోబో కిచకిచలనూ కలిపాడు. 1977లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది మీకో రికార్డే. విలియమ్స్ సొంత రికార్డు అంత పైకి వెళ్ళలేదు.

దీన్నిబట్టి మీకోది గొప్పదని గాని, చౌకబారుదని గాని తొందరపడి అనకండి. మూడింటినీ వింటే తెలిసేది వేరు. విలియమ్స్ రచనలో బాణీ ఒక్కటే కాదు, ఆ బాణీ ఏ వాద్యం నుంచి ఏ వాద్యానికి చేతులు మారుతుందన్నదీ ముఖ్యమే. మెహతా రికార్డులో అది నిలిచింది. మీకో రికార్డులో బాణీ మిగిలి, ఆ చేతులు మారడం పోయింది. దానికి బదులు 1977 నాటి నృత్యశాల వచ్చి చేరింది. ఒకటి సినిమాను గుర్తుచేస్తుంది, మరొకటి ఆ సినిమా చూసిన జనాన్ని గుర్తుచేస్తుంది. సేకరణలో రెండింటికీ చోటుంది. ఒకదాన్ని మరొకటిగా పొరబడటమే తప్పు.

ఉదాహరణ 2: 'బ్లేడ్ రన్నర్' (1982). ఈ సినిమాకు వాంగెలిస్ సింథసైజర్లతో సంగీతం కూర్చారు. సినిమా వచ్చిన ఏడాది అమ్మకానికి వచ్చిన ఆల్బమ్‌లో మాత్రం వాయించినది న్యూ అమెరికన్ ఆర్కెస్ట్రా. వాంగెలిస్ సొంత ఆల్బమ్ అధికారికంగా వచ్చింది 1994లో. అంటే 12 ఏళ్ళ పాటు ఆ పేరుతో దుకాణంలో దొరికిన సంగీతం, తెర మీద వినిపించిన సంగీతం ఒకటి కావు. బాణీ తప్పు పోలేదు. కాని వానలో తడిసిన ఆ నగరానికి ఉన్న ధ్వని సింథసైజర్‌ది. వయొలిన్లు దాన్ని తియ్యబరిచాయి. సైన్స్ ఫిక్షన్‌లో చాలాసార్లు ధ్వని స్వభావమే అర్థం. వాద్యం మారితే అర్థమూ మారుతుంది.

ఉదాహరణ 3: '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968). దర్శకుడు కుబ్రిక్ ఈ సినిమా కోసం అలెక్స్ నార్త్ రాసిన సంగీతాన్ని పక్కనపెట్టి, పూర్వపు శాస్త్రీయ కృతులను వాడారు. ఆరంభంలో వినిపించే రిచర్డ్ స్ట్రాస్ కృతి సినిమాలో కరయన్ నిర్వహించిన రికార్డింగు. ఆల్బమ్‌లో ఉన్నది కార్ల్ బోమ్ నిర్వహించినది. కంపెనీల హక్కులు, అభ్యంతరాలు అలా మార్చాయి. పక్కనపెట్టిన నార్త్ సంగీతాన్ని 1993లో జెర్రీ గోల్డ్‌స్మిత్ రికార్డు చేసి వినిపించారు. సినిమాలో లేని సంగీతం కూడా సేకరణలో ఒక సాక్ష్యం అవుతుందని ఈ ఉదాహరణ చెబుతుంది. దర్శకుడు ఏది కాదన్నాడో వింటే, ఏది ఎందుకు ఎంచుకున్నాడో స్పష్టమవుతుంది.

ఇక అసలైన ఏరికూర్పులకు వద్దాం. 1979లో నీల్ నార్మన్ తన బృందంతో సైన్స్ ఫిక్షన్ సినిమా, టీవీ సంగీతాల సంకలనాన్ని మొదలుపెట్టి, తరువాత మరికొన్ని భాగాలు తెచ్చారు. ఇలాంటి ఆల్బమ్ సరదాగా సాగుతుంది. ఎన్నో పేర్లు ఒకేసారి పరిచయమవుతాయి. కాని అన్నీ ఒకే బృందం, ఒకే పద్ధతిలో వాయించడంతో వేరువేరు కాలాల సంగీతం ఒకే రంగు పూసుకుంటుంది. దీనికి పక్కన బెర్నార్డ్ హెర్మన్ 1974లో తన కాల్పనిక చిత్రాల సంగీతాన్ని తానే ఏరి, తానే నిర్వహించిన ఆల్బమ్‌ను పెట్టి చూడండి. అందులో ఉన్నవి తక్కువ, పేర్లు కొన్నే. కాని చేతితో తాకకుండా వాయించే థెరమిన్ వంటి వాద్యంతో 1951లో ఆయన ఊహించిన గ్రహాంతర ధ్వని ఎలాంటిదో అర్థమవుతుంది. సంఖ్య పెరిగితే సంకలనం విలువ పెరగదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి
1. పునర్వాదనానికీ రూపాంతరానికీ తేడా ఏమిటి?
2. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్' ఆల్బమ్‌ను ఏ రకంలో చేరుస్తారు? ఎందుకు?

5.4 తెలుగు సందర్భం: 'ఆదిత్య 369'

ఇప్పుడు మన ఇంటి ఉదాహరణ. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన 'ఆదిత్య 369'కు సంగీతం ఇళయరాజా. కాలయంత్రంలో కథానాయకుడు 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, అక్కడినుంచి 2504వ సంవత్సరానికీ వెళతాడు. ఆల్బమ్‌లో 5 పాటలున్నాయి. తెలుగు సైన్స్ ఫిక్షన్ పాటల సంకలనం ఎవరు చేసినా అందులో 'జాణవులే' ఉండి తీరుతుంది.

ఇక్కడ ఒక చిక్కు గమనించండి. మన మొట్టమొదటి ప్రసిద్ధ కాలయంత్రం సినిమా నుంచి అందరికీ గుర్తున్న పాట భవిష్యత్తుది కాదు, రాయల కాలానిది. సినిమా చూడనివారికి ఆ పాట విడిగా వినిపిస్తే జానపద చిత్రంలోదనో, చారిత్రక చిత్రంలోదనో అంటారు. మరి దాన్ని సైన్స్ ఫిక్షన్ సంకలనంలో చేర్చడం న్యాయమేనా?

న్యాయమే అని నా అభిప్రాయం. కారణం ఆ పాటలోని గొంతు. బాలసుబ్రహ్మణ్యం, శైలజలతో పాటు అందులో జిక్కి పాడారు. 1955లో 'రోజులు మారాయి'లో పాడిన గొంతు అది. 1991 నాటి శ్రోతకు ఆ గొంతు వినగానే పాతకాలం చెవిలో పడుతుంది. 1526లో పాట ఎలా ఉండేదో ఎవరూ వినలేదు. అందుకే ఇళయరాజా మనం నిజంగా విన్న పాతదనాన్ని వాడి, మనం వినని పాతదనాన్ని నమ్మించారు. తెర మీద కాలయంత్రం చేసే పనిని పాటలో గొంతు చేసింది. ఇది సైన్స్ ఫిక్షన్ సంగీతమే.

కాని ఈ గుణం పాటను ఎక్కడ ఉంచుతామన్న దాన్నిబట్టి తెలుస్తుంది. రాయల కథల పాటల మధ్య పెడితే అది మరో ఆస్థాన గీతం. 2010 నాటి 'రోబో'లో ఎ.ఆర్. రెహమాన్ యంత్రధ్వనులతో కూర్చిన పాట పక్కన పెడితే, రెండు దారులు ఎదురెదురుగా నిలుస్తాయి. ఒకరు పాత గొంతుతో కాలాన్ని దాటారు, మరొకరు కొత్త ధ్వనితో యంత్రానికి ప్రాణం పోశారు. వరస విమర్శ అవుతుందని మొదట అన్న మాటకు అర్థం ఇదే.

ఇక జారిపోయినదాన్ని చూద్దాం. ఆల్బమ్ అంటే పాటలే అన్నది మన సినిమా వ్యాపారంలో స్థిరపడిన పద్ధతి. కాలయంత్రం కదిలే క్షణాలు, 2504లో జనం భూమి లోపల బతికే దృశ్యాలు, వీటి వెనక ఉన్న నేపథ్య సంగీతం పాటల ఆల్బమ్‌లోకి రాలేదు. భవిష్యత్తును మన సంగీత దర్శకుడు ఎలా ఊహించాడో తెలిపే భాగం అదే. సంకలనాలు పాటల ఆల్బమ్‌ల నుంచే పుడతాయి కనుక, వాటి ఆధారంగా తెలుగు సైన్స్ ఫిక్షన్ సంగీత చరిత్ర రాస్తే, ఆ చరిత్రలో గతం ఉంటుంది, భవిష్యత్తు ఉండదు.

"జనం పాడుకొనేది పాటనే కదా, నేపథ్య సంగీతం ఎవరికి కావాలి?" అని మీరు అడగవచ్చు. ప్రశ్న సబబే. పాట మన సినిమాకు లోపం కాదు, బలం. నేను చెప్పేది పాటను తగ్గించమని కాదు. జనం పాడుకోలేనిది జనం మీద పనిచేయలేదని అనుకోవద్దని మాత్రమే. 2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' 4కె రూపంలో థియేటర్లకు మళ్ళీ వచ్చింది. అలాంటి సినిమాను ఈసారి కళ్ళు మూసుకొని పది నిమిషాలు వినండి. సంకలనం దాచినది సినిమాలో దొరుకుతుంది.

ఇటీవల ఈ స్థితి కొంత మారింది. 2018లో 'అంతరిక్షం', 2024లో 'కల్కి 2898 ఎ.డి.' వంటి చిత్రాలు వచ్చాయి. సంతోష్ నారాయణన్ సంగీతంలో 'కల్కి' ఇతివృత్త గీతం విడిగా విడుదలైంది. రేపటి సేకరణకర్తకు ముడిసరుకు పెరుగుతోంది. దాన్ని చెవిపెట్టి వినే విమర్శకులూ పెరగాలి.

5.5 మీ సంకలనం మీరే చేయండి

ఒకప్పుడు ఊళ్ళలో క్యాసెట్ దుకాణానికి పాటల జాబితా రాసిచ్చి, ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకొనేవారు. 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు 30 నిమిషాలే. ఒక పాట చేర్చాలంటే మరొకటి కొట్టెయ్యాలి. ఆ కొట్టివేతల దగ్గరే అభిరుచి తేలేది. ఇప్పుడు ఫోనులో ఎన్నయినా చేర్చవచ్చు కనుక, ఏదీ వదలనక్కరలేదు. వదలనప్పుడు తీర్పూ ఉండదు. అందుకే ఈ అభ్యాసంలో పాత కొలతనే పాటించండి.

(1) మొత్తం నిడివి 30 నిమిషాలు దాటకూడదు.
(2) కనీసం రెండు తెలుగు చిత్రాలు, ఒక విదేశీ చిత్రం ఉండాలి.
(3) ఒక్కో ముక్కకు ఎదురుగా స్వరకర్త, వాయించినవారు లేదా పాడినవారు, సంవత్సరం, అది ఏ రకం అన్నవి రాయండి.
(4) పాటగా విడుదల కాని ఒక నేపథ్య సంగీత ఘట్టాన్ని సినిమాలోనే విని, ఏ దృశ్యంలో వస్తుందో, ఏ వాద్యాలు వినిపించాయో ఐదు వాక్యాల్లో వర్ణించండి.
(5) వదిలేసినవాటిలో ఒకదాని పేరు చెప్పి, ఎందుకు వదిలారో రాయండి. ఎక్కువ మార్కులు దీనికే రావాలి.

'రోబో' తమిళం, తెలుగు, హిందీ భాషల్లో వచ్చింది. వీలైతే ఒకే పాటను రెండు భాషల్లో విని, బాణీ మారకుండా మాట మారినప్పుడు ఉచ్చారణ ఎక్కడ ఇబ్బంది పడిందో గమనించండి.

5.6 సారాంశం

సంకలనం అంటే నిల్వ చేసిన సంగీతం మాత్రమే కాదు, ఒక అభిప్రాయం కూడా. దాన్ని తూచడానికి నాలుగు ప్రశ్నలు చాలు: వాయించినది ఎవరు? ఏది చేర్చారు? ఏ వరసలో పెట్టారు? ఏది వదిలారు? విదేశీ ఉదాహరణల్లో మూల ధ్వని మారిపోవడం సమస్య అయింది. తెలుగులో నేపథ్య సంగీతం ఆల్బమ్‌కు బయటే ఉండిపోవడం సమస్య అయింది. రెండింటికీ మందు ఒకటే. ఆల్బమ్ విన్నాక సినిమా దగ్గరికి తిరిగి వెళ్ళి వినాలి.

5.7 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. "సంకలనం కూడా ఒక విమర్శే." ఈ వాక్యాన్ని రెండు ఉదాహరణలతో చర్చించండి.
2. 'జాణవులే' పాటను సైన్స్ ఫిక్షన్ సంకలనంలో చేర్చడాన్ని మీరు సమర్థిస్తారా? ఈ పాఠంలోని వాదంతో మీరు విభేదిస్తే కారణాలు రాయండి.
3. నేపథ్య సంగీతం ఆల్బమ్‌లలో లేకపోవడం వల్ల సినిమా సంగీత చరిత్ర రచనకు కలిగే నష్టమేమిటి?