మరక పడినా చెల్లుతుంది

టీ కొట్ల దగ్గర క్యూఆర్ స్టిక్కర్లను పరీక్షగా చూడటం నాకో పిచ్చి. నూనె మరక పడినవి, ఎండకు వెలిసినవి, ఎవరో గోటితో గీకినవి. అయినా ఫోన్ పెట్టగానే డబ్బు వెళ్లిపోతుంది. దీని వెనకున్న లెక్క 1960 నాటిది. ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ రాసిన వ్యాసం అది. మొత్తం ఐదే పేజీలు!

దాని సారం పట్టుకోవడానికి గ్రాఫు కాగితం చాలు. సరళరేఖ గీయడానికి రెండు బిందువులు సరిపోతాయి. కానీ వాటిలో ఒకటి పక్కకు జరిగితే మనకు తెలిసే దారి లేదు. మూడు పంపితే తప్పు దొర్లిందని తెలుస్తుంది, ఏది తప్పో తెలియదు. నాలుగు పంపారనుకోండి, మూడు ఒకే గీత మీద నిలుస్తాయి, దారి తప్పిన నాలుగోది దొరికిపోతుంది. రీడ్, సాలమన్ గీతకు బదులు బహుపదిని తీసుకున్నారు. ఒక్కో తప్పు దిద్దడానికి రెండేసి అదనపు బిందువులు ఖర్చు.

ఆ ఖర్చు తక్కువేం కాదు. 1994లో జపాన్‌లో మసాహిరో హారా బృందం కార్ల విడిభాగాల లెక్కల కోసం తెచ్చిన క్యూఆర్ కోడ్‌లో దిద్దుబాటు 7 శాతం నుంచి 30 శాతం దాకా నాలుగు స్థాయిల్లో ఉంటుంది. అన్నిటికన్నా చిన్న కోడ్‌ను పై స్థాయిలో తీసుకుంటే, పట్టే 26 బైట్లలో అసలు సమాచారం 9 మాత్రమే. మిగతా 17 దిద్దుబాటుకే. (మన పేమెంటు స్టిక్కర్లు ఇంతకన్నా పెద్దవి, లెక్క మాత్రం ఇదే.) పిసినారి చూస్తే దండగంటాడు. మన దుమ్మూ ధూళీ చూశాక నాకైతే మంచి బేరమే అనిపిస్తుంది.

అయితే మూడు మూలల్లోని పెద్ద చతురస్రాలకు ఈ దిద్దుబాటు వర్తించదు. ఫోన్ ముందు వాటిని చూసే కోడ్ ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో తేల్చుకుంటుంది. లెక్క ఆ తర్వాతే. నడుమ మరక పడ్డా చదివేసే ఫోన్, మూల చిరిగితే మొరాయించేది అందుకే. ఇక మధ్యలో అతికించే లోగో ముచ్చటగానే ఉంటుంది గానీ, లెక్క దృష్టిలో అదీ మరకే. రేపు పడబోయే గీతల కోటాను ఇవాళే తినేస్తుంది.

స్టిక్కర్లు వేసే ప్రింటింగ్ షాపుల వారికి ఒక మాట. లోగో చిన్నది చేయండి, చుట్టూ నాలుగు గడుల వెడల్పున తెల్ల అంచు వదలండి. కొట్టు వాళ్లకూ చెప్పండి, మేకులూ టేపూ ఆ మూల చతురస్రాల మీదికి రానీయొద్దని.