రేడియస్ క్లయింట్లు డైరెక్టరీలో ఉంటే

కాలేజీ వైఫైలో మనం కొట్టిన పాస్‌వర్డ్ సరైనదో కాదో గోడ మీది యాక్సెస్ పాయింట్‌కు తెలియదు. అది రేడియస్ సర్వర్‌ను అడుగుతుంది. 1991లో లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ డయలప్ కోసం తయారు చేసిన ఈ పద్ధతిలో, అలా అడిగే పరికరమే క్లయింట్. ప్రతి క్లయింట్ ఐపీ అడ్రసూ, దానితో పంచుకున్న షేర్డ్ సీక్రెట్టూ సర్వర్ దగ్గర ఉండాలి. జాబితాలో లేనివాళ్లకు కాదని కూడా చెప్పకుండా ఊరుకోమంటుంది 2000 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2865.

ఫ్రీరేడియస్ అనే రేడియస్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ జాబితా మామూలుగా క్లయింట్స్.కాన్ఫ్ ఫైల్లో ఉంటుంది. పది స్విచ్‌లున్న ఆఫీసుకు అది చాలు. చిక్కంతా రెండో సర్వర్‌తో వస్తుంది. కొత్త యాక్సెస్ పాయింట్‌ను మొదటిదాంట్లో రాసి రెండోదాంట్లో మరిచిపోతే ఏళ్లు గడిచినా ఎవరికీ తెలియదు. మొదటిది పడిపోయిన రోజున రెండోది ఆ పరికరానికి ఉలకదు, పలకదు. సర్వర్ నడుస్తూనే ఉంటుంది, లాగిన్ మాత్రం కాదు. నెట్‌వర్క్ మీద వెతుక్కునే ఎల్‌డాప్ డైరెక్టరీ ఒక్కదాన్నే రెండు సర్వర్లూ చదివితే ఈ తేడాకు తావుండదు. ఈ పద్ధతి అసలు విలువ ఇదే. ఫైళ్లు దిద్దే శ్రమ తగ్గడం ఆ తర్వాతి మాట.

పని పెద్దదేం కాదు. డైరెక్టరీలో పరికరానికో ఎంట్రీ, దానికి రేడియస్‌క్లయింట్ అనే ఆబ్జెక్ట్ క్లాస్, లోపల అడ్రసు, పొట్టి పేరు, సీక్రెట్. ఫ్రీరేడియస్ ఎల్‌డాప్ మాడ్యూల్‌లో క్లయింట్లను చదవమని చెబితే సర్వర్ లేచేటప్పుడే అన్నిటినీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత చేర్చిన ఎంట్రీ రీస్టార్ట్ చేసేదాకా దానికి తెలియదు.

అంతవరకూ ఆగలేనివాళ్లకు డైనమిక్ క్లయింట్లున్నాయి. ముందే చెప్పిన నెట్‌వర్క్ పరిధి నుంచి కొత్త పరికరం పలకరిస్తే సర్వర్ అప్పటికప్పుడు డైరెక్టరీలో వెతికి, చెప్పినంతసేపు గుర్తుంచుకుంటుంది. అయితే రేడియస్ నడిచేది యూడీపీ మీద, అందులో పంపినవారి అడ్రసును నకిలీ చేయడం తేలిక. పరిధి విశాలంగా ఉంటే ఎవడో దొంగ అడ్రసులతో ప్యాకెట్లు కురిపించి డైరెక్టరీని ఊపిరాడనివ్వకుండా చేయగలడు. రెండు సర్వర్లున్నచోట ఒకదాని తర్వాత ఒకటి రీస్టార్ట్ చేసుకోవడమే నాకు మేలనిపిస్తుంది.

సీక్రెట్ సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. యూజర్ పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసి దాచవచ్చు. షేర్డ్ సీక్రెట్‌ను అలా దాచలేం, ఎందుకంటే ఇరువైపులా ఎండీ5 అనే హ్యాష్ లెక్క కట్టడానికి సీక్రెట్ ఉన్నదున్నట్టుగా కావాలి. డైరెక్టరీ ఏమో పదిమందీ మెయిల్ ఐడీలు, ఫోన్ నంబర్లు వెతుక్కునే చోటు. అందుకే సీక్రెట్ ఉన్న గడిని రేడియస్ సర్వర్ ఖాతా తప్ప మరెవరూ చదవకుండా అనుమతులు బిగించాలి, సర్వర్‌కూ డైరెక్టరీకీ మధ్య టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ ఉండాలి.

2024 జూలైలో రేడియస్ జవాబులను దారిలోనే ఫోర్జ్ చేసే బ్లాస్ట్‌రేడియస్ దాడి బయటపడ్డాక, మెసేజ్ ఆథెంటికేటర్ (ప్యాకెట్‌ను ఎవరూ మార్చలేదని చూపే ముద్ర) లేని అభ్యర్థనలను తోసిపుచ్చడం తప్పనిసరి పనైంది. పాత పరికరాలు కొన్ని దాన్ని పంపవు. ఆ షరతును ఎంట్రీలోనే పరికరానికి విడిగా పెట్టుకోవచ్చు గనక, ఇంకా మార్చాల్సినవేవో డైరెక్టరీలో వెతికే ఎల్‌డాప్‌సెర్చ్ ఆదేశం ఒక్కదానితో తేలిపోతుంది.