కీబోర్డు మీద మానుకోట చెయ్యి

మా దంతాలపల్లికి మానుకోట ఎంతో దూరం కాదు. ఆ మానుకోట దగ్గరి కంబాలపల్లిలో 1974లో పుట్టాడు గిల్లా చక్రధర్. 2000లో పూరి జగన్నాథ్ ‘బాచి’తో తెర మీద పేరు పడేసరికి చక్రి అయ్యాడు. 2014 డిసెంబరులో, నలభై ఏళ్లకే పోయాడు. ఆలోపే ఎనభై దాకా సినిమాలకు పాటలు కట్టాడు. రఘు కుంచెలాంటి కొత్త గొంతులను పరిచయం చేశాడు. ‘సింహా’కు నంది తెచ్చుకున్నాడు.

చక్రి వచ్చేనాటికి పాట తయారయ్యే తీరే మారిపోయింది. పెద్ద థియేటర్లో వరసగా వయొలిన్లు కూర్చుని వాయించే రోజులు వెనకబడి, కీబోర్డు, రిథమ్ ప్రోగ్రామింగ్, కంప్యూటర్ ఉన్న చిన్న గదిలోకి పాట చేరింది. ఒక మీట నొక్కితే వయొలిన్, ఇంకోటి నొక్కితే డ్రమ్స్. ఇంత సులువుగా దొరికాక ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు పనితనం. ‘ఇడియట్’, ‘దేశముదురు’లలో ఆ హోరును చక్రి నిండుగా వాడుకున్నాడు. ఇప్పటికీ బరాత్‌లో డీజే మీద ఆ పాటలు పడితే పిల్లలు ఆగరు.

ఇక 2005 నాటి ‘చక్రం’లో ‘జగమంత కుటుంబం’ వినండి. లోకమంతా నావాళ్లే అన్న ధీమా, నాకంటూ ఎవరూ లేరన్న బాధ పక్కపక్కనే నడిచే పాట అది. సిరివెన్నెల రాశారు. చరణంలో చిన్న చిన్న మాటలు, చివర ‘నై’తో, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక్కో మాటను ఒక్కో సంగతితో అలంకరించాలని ఏ స్వరకర్తకైనా చెయ్యి దురద పుడుతుంది. చక్రి ఆ చెయ్యిని ఆపుకున్నాడు. మెట్లెక్కినట్టు ఒకే కొలతలో మాటలను వదిలాడు. అందుకే అర్థం ఎక్కడా చెదరదు.

పాడినవారి పేరు శ్రీ. ఆయన సంగీత దర్శకుడు చక్రవర్తి గారి అబ్బాయి, ‘గాయం’, ‘సింధూరం’ సినిమాల సంగీత దర్శకుడు. ఎన్నో పాటలు సొంతంగా పాడుకున్న చక్రి, దీన్ని మాత్రం తోటి సంగీత దర్శకుడి గొంతులో పెట్టాడు. చిత్రిక పట్టని చెక్కలాంటి గొంతు అది, కాస్త గరుకు. నున్నటి గొంతు పాడి ఉంటే ఆ ఒంటరితనాన్ని నేను నమ్మేవాణ్ని కాదు.

చక్రి బాణీలన్నీ ఒకేలా ఉంటాయనేవాళ్లున్నారు. ఏడాదికి అన్నేసి సినిమాలు చేస్తే కొన్ని పోలికలు పడతాయి, ఒప్పుకుంటాను. ఈ పాటకు మాత్రం అతని పాటల్లోనే జోడీ లేదు.

మొన్న రాత్రి తొర్రూరు నుంచి ఆటోలో వస్తుంటే డ్రైవరు ఇదే పెట్టాడు. ఇంజను చప్పుడులో వాయిద్యాలన్నీ కలిసిపోయాయి. వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్న మాకు ఒక్కో మాటా విడివిడిగా వినపడుతూనే ఉంది.